బాసికం కట్టిన పులి

వెన్నెలకోన అడవిలో ఒక పులి నడుస్తోంది. దాని నుదుట ముత్యాల బాసికం ఉంది.

ఆ అడవిలోకి ఎండ ఎండగా రాదు. ఆకాశాన్ని కప్పేసిన వెండాకుల చెట్ల మీద పడి, ఆకు నుంచి ఆకుకు జారి, జల్లెడ పట్టిన పిండిలా మెత్తబడి, నేలకు దిగేసరికి వెన్నెల అయిపోతుంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ పున్నమే. పొగడపూలు రాలుతూ రాలుతూ మధ్యదారిలో కునుకు తీసి, గాలిలోనే కాసేపు ఆగిపోతాయి. సెలయేళ్లు పసిపిల్లలు నిద్రపోయే ఇంట్లో నడిచినట్టు చప్పుడు లేకుండా పారతాయి.

అలా ఆగిన పొగడపూలను తలతో తోసుకుంటూ పులి వెళుతోంది. మెడలో పెళ్లినాటి పూలదండ వాడి వేలాడుతోంది. అందులోంచి మల్లెమొగ్గ ఒకటి జారి ముక్కుకు తగిలింది. పులి పెద్దగా తుమ్మింది. తుమ్మి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగింది.

"చూశావా వదినా! తుమ్మి సిగ్గుపడ్డారు! ఇంకా ఆయనే!" పొద వెనుక నక్కిన పాలవెల్లి చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

"మొగుడి తుమ్ముకు మురిసింది చాలు గానీ, ముందు నీ చేతి కంకణం చూసుకో మరదలా," అంది గంగసాని.

పాలవెల్లి చూసుకుంది. పెళ్లిలో కట్టిన పసుపుదారం నిన్న సాయంత్రం తంగేడుపువ్వులా ఉంది. ఇప్పుడు సగం తెల్లబడింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

నిన్న ఇదే పులి పెళ్లికొడుకు. పేరు ఏదుల కొమ్మన.

కుసుమావతి రాజ్యంలో ప్రతి ఇంటిపేరూ ఒక మృగానిదో, పక్షిదో. తాతలనాటి పేరైనా సరే, కొత్త కోడలు గడప దగ్గర తన నోటితో పలికితేనే అది మరో తరానికి చెల్లుతుంది. పారాణి కాళ్లతో నిలబడి కోడలు ఏది పలికితే అదే ఆ ఇంటి పేరు. అందుకే ఆడపడుచు తలుపుకు అడ్డం నిలబడి, "ఎవరింటికి వచ్చావే?" అని అడుగుతుంది. నిన్న గంగసాని అలాగే, నడుం మీద చేతులు పెట్టుకుని మరీ, అడిగింది.

పాలవెల్లి హంసలవారి ఆడపిల్ల. ఆమెను దిగబెట్టడానికి వచ్చిన చెలికత్తెలు వెనక నుంచి గుసగుసలు మొదలుపెట్టారు. "ఏదులట! ఏదు అంటే ముళ్లపందే కదే! మన హంస పోయి పోయి పందుల కొంపలో పడిందే!" పాలవెల్లి చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే కొమ్మన, వేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెడల్పాటి భుజాలు, ఒత్తు మీసాలు. ఇంత చక్కని వాడికి పంది పేరేమిటి అనిపించింది. సగం సరసానికి, సగం సిగ్గుకు, "పులులవారి ఇంటికి!" అనేసింది.

వసారాలో గాజులమ్మే ముసలివాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడు తల ఎత్తి, "తథాస్తు!" అన్నాడు. వాడి జడల్లోంచి పొగ లేచింది. వాడు కంకాళజటుడు, నల్లగుట్ట మాంత్రికుడు. సొంత పేరు పలకడానికి నాలుక వెనకాడే గడపలు ఎక్కడున్నాయా అని మారువేషాల్లో తిరిగేవాడు. వాడి రథానికి ఒక పక్క సింహం ఉంది, రెండో పక్కకు పులి కావాలి. పాలవెల్లి చేతిలోని వేలు పంజా అయింది. పెళ్లివారు కెవ్వుమనేలోపు పులి ప్రహరీ దూకింది. మాంత్రికుడు పొగలో కలిసిపోతూ, తొందరలో తన గాజుల మూట, ఆ మలారాన్ని, వసారాలోనే మరిచిపోయాడు.

అత్తగారు తిట్టలేదు. కోడలి తల నిమిరి, "తప్పు మాట నీదే, ఒప్పు మాటా నీదే కావాలి తల్లీ. ఎరగని మృగం పేరు నాలుక మీద నిలవదు. ఏదును కళ్లారా చూసి, ఇది నాది అని నీకనిపిస్తే ఆ పేరు దానంతటదే వస్తుంది. కంకణం పసుపు వెలిసేలోపు కొమ్మనకు వినబడేలా పలుకు. వెలిసిందా, వాడికి మనమెవరమో గుర్తుండదు," అంది.

నల్లగుట్ట వైపు పోతున్న పులి వెంట, దారి పొడుగునా పాలవెల్లి ప్రయత్నిస్తూనే ఉంది. "ఏ... ఏ... పులుల కొమ్మన." ఎన్నిసార్లన్నా అంతే. నాలుక తెలిసిన వీధిలోకే తిరిగే ఎద్దులా పులి దగ్గరికే పోతోంది.

*

పొదల చివర పొగమంచు నది అడ్డం వచ్చింది. నీళ్లకు బదులు మంచు పారుతుంది అందులో, పాలపొంగులా తెల్లగా, అడుగు తెలియకుండా. పులి ఒక్క గెంతుతో అవతల పడింది. ఆడవాళ్లిద్దరికీ మిగిలింది తీగల వంతెన. దాని చివర గండభేరుండం కూర్చుని ఉంది. ఏనుగులను పిట్టల్లా తన్నుకుపోయే పక్షి, ఒక్క ఒంటికి రెండు తలలు.

గంగసాని మాంత్రికుడి మలారం భుజానికి ఎత్తుకుంది. ముసుగు ముక్కు దాకా లాక్కుని, "నేను మాట్లాడతాను. నీ నోటి మహిమ నిన్ననే చూశాం," అంది.

"ఎవరది?" అంది కుడి తల.

"ఎవరైతేనేం, గాజులు తెచ్చారు," అంది ఎడమ తల.

"మనకు చేతులేవీ?"

"కాళ్లున్నాయిగా. వేసుకుంటే అందం."

"అయ్యగారి మలారం నాయనా, మరిచిపోతే తెచ్చాం," అంది గంగసాని వినయంగా.

"ఇంటిపేర్లు చెప్పండి. చెప్పనిదే వంతెన దిగనివ్వం," అంది కుడి తల.

పాలవెల్లి నోరు తెరవబోయింది. ఆడపడుచు ఆమె జబ్బ గిల్లింది. "దీని పుట్టింటి పేరు నిన్న ఊడింది, మెట్టింటి పేరు ఇంకా అతకలేదు. మధ్యలో వేలాడుతోంది. నాదంటావా, అత్తింటి పేరు పెట్టుకుని పుట్టింట్లో పెత్తనం చేస్తున్నాను. నీకు ఏది కావాలో ఏరుకో నాయనా."

ఎడమ తల కిలకిలా నవ్వింది. "పోనీరా, మా ఆవిడా అంతే."

"మనకు ఆవిడ లేదు," అంది కుడి తల.

"నీకు లేదు. నాకు ఆశ ఉంది."

రెండు తలలూ వాదులాటలో పడ్డాయి. వదినామరదళ్లు రెక్కల పక్కగా జారుకున్నారు. నాలుగు అడుగులు వేశారో లేదో, పాలవెల్లి కాలికి వేరు తగిలి తూలింది. చేతి నిండా ఉన్న పెళ్లిగాజులు గలగలమన్నాయి.

"ఆగండి!" కుడి తల మెడ సాచింది. "అయ్యగారి గాజులు పొగతో చేసినవి. మోగవు. మోగుతున్నవి ఎవరివి?"

"పరిగెత్తవే పిల్లా!"

గండభేరుండం లేచింది. దాని రెక్కల గాలికి వెండాకుల చెట్లు నేలకు వంగి నమస్కారం పెట్టాయి. గాలిలో నిద్రపోతున్న పొగడపూలన్నీ ఒక్కసారి మేలుకుని రాలిపోయాయి. పాలవెల్లి కుచ్చెళ్లు ఎగదోపి పరిగెత్తింది. వెనక ఆడపడుచు, ఆడపడుచు వెనక నాలుగు కళ్లు, రెండు ముక్కులు. గంగసాని మలారం విప్పి వెనక్కి విసిరింది. గాజులు ఒక్కొక్కటే పేలి నల్లని పొగ కమ్మింది. "ఎడమకు!" అని ఒక తల, "కుడికిరా మూర్ఖుడా!" అని ఇంకో తల అరుచుకుంటూ, పక్షి తిన్నగా పంగల చెట్టులో చెరో పక్క మెడ ఇరికించుకుంది.

ఆ సంబరం చూడబోయి పాలవెల్లి ముందున్న లోయ చూసుకోలేదు. కాలు జారింది. ఆమె కొంగు పట్టుకున్న పాపానికి గంగసానీ జారింది. తడి ఆకుల మీద ఇద్దరూ జర్రున కిందికి పోయి, ఒక రాతి సందులోంచి చీకటి గుహలో పడ్డారు.

*

గుహ వాకిట ఎముకలు, రాలిన దుప్పికొమ్ములు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా ఉలితో చెక్కినట్టు పంటిగాట్లు.

"బ్రహ్మరాక్షసి కొంపే ఇది," గంగసాని గొంతు తగ్గించింది. "భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి ఉంటుంది. పద పద."

లోపలి నుంచి చప్పుడు వచ్చింది. గలగల. ఆగి, మళ్లీ గలగల.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. రాతి మూల ఒక మృగం, కాళ్ల దగ్గర సగం కొరికిన దుప్పికొమ్ము. ముక్కు మొద్దుగా, కళ్లు గురిగింజల్లా చిన్నగా, వీపు నిండా నలుపూ తెలుపూ పట్టెల ముళ్లు. అది వెనక్కి తిరిగి నిలబడి, తోక ముళ్లు ఆడిస్తోంది. ఆ తోక ముళ్లు బోలువి. ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

"ఏదు!" గంగసాని మరదలి వెనక దాక్కుంది. "బాణాలు విసురుతుందే! కళ్లు మూసుకో!"

"మీ ఇంటి మృగమే కదా వదినా?"

"ఇంటిపేరు ఇంట్లో ఉంటే బాగుంటుంది గానీ మీద పడితే బాగుంటుందా?"

పాలవెల్లి కళ్లు మూసుకోలేదు. కదలకుండా, నేల మీద చతికిలబడింది. ఏదు బాణాలేమీ విసరలేదు. మోగించింది, వెనుక కాలు నేలకు తట్టింది, మళ్లీ మోగించింది. రావద్దు, ఇక్కడ ముళ్లున్నాయి అని ముందే చెబుతోంది. వచ్చినవాళ్లు రానందుకు సంతోషించినట్టు, కాసేపటికి మోత తగ్గించింది. నిక్కిన ముళ్లు గాలి తగ్గిన వరిచేనులా నెమ్మదిగా ఒరిగిపోయాయి.

అప్పుడు కనిపించింది, దాని వెనక రెండో ఏదు. రెండింటి మధ్య గుప్పెడంత పిల్ల. పిల్ల ముళ్లు ఇంకా మెత్తగా, తడి గడ్డిలా ఉన్నాయి. పెద్దవి రెండూ ముక్కుకు ముక్కు ఆనించుకున్నాయి. ఆడది పక్కకు జరిగి చోటిచ్చింది. మగది ఒళ్లంతా ముళ్లు అణచుకుని, ఒక్క ముల్లూ గుచ్చుకోకుండా ఆమె పక్కన ఒదిగింది. పిల్ల ఇద్దరి మెత్తని పొట్టల మధ్యకు దూరి, తృప్తిగా గుర్రుమంది.

పాలవెల్లి ఊపిరి బిగబట్టి చూసింది. ఎన్ని ముళ్లున్న ఒళ్లు! ఎంత జాగ్రత్తగా పడుకుంది!

"వదినా," అంది మెల్లగా, "పెళ్లింట్లో మీ తమ్ముడు గదిలోకి వచ్చే ముందు గొళ్లెం ఎందుకు ఆడించారు?"

"మా నాన్నా అంతే, మా తాతా అంతే. ఇంటి మగవాళ్లందరికీ ఉన్న జబ్బే. చెప్పకుండా ఎవరి ముందుకీ రారు. కోపం వచ్చినా అంతే. గుమ్మంలో చెంబు చప్పుడు చేసి, దగ్గి, గొణిగి, వాళ్ల కోపం వచ్చేసరికి మన పని అయిపోయి ఉంటుంది." గంగసాని ఆగింది. "ఏం?"

"పెళ్లి పందిట్లో నా పక్కకు వచ్చేటప్పుడు కూడా పళ్లెం మీద చేత్తో రెండుసార్లు తట్టారు. నేను ఉలిక్కిపడతానని. నేను తడబాటు అనుకుని నవ్వాను." పాలవెల్లికి ఇప్పుడూ నవ్వు వచ్చింది, నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. "పట్టుకున్న వేలు కూడా ఎంత వదులుగా పట్టుకున్నారని! నా గాజు ఒకటైనా నొక్కుకుపోకుండా."

హంస అందంగా ఉంటుంది, కాదనలేదు. కానీ హంస ఒకరి పక్కన పడుకోవడానికి ఇంత శ్రమ పడుతుందా?

ఆమె కంకణం వంక చూసుకుంది. ఒక్క పోగు మాత్రమే పసుపుగా ఉంది.

అప్పుడే వాకిట వెలుతురు మూసుకుపోయింది.

*

గుహ సందులో పులి తల నిండి ఉంది. బాసికం పక్కకు ఒరిగింది. కళ్లలో తుమ్మి సిగ్గుపడ్డ పెళ్లికొడుకు లేడు. ఆకలి ఒక్కటే ఉంది. పైన ఎక్కడో ఈల వినబడుతోంది, సన్నగా, పొగలా మెలికలు తిరుగుతూ. మాంత్రికుడు తన పులిని పిలుస్తున్నాడు. పులి చెవి అటు తిప్పింది. చూపు మాత్రం పిల్ల ఏదు మీద నుంచి తిప్పలేదు.

మగ ఏదు లేచింది. తిరిగి వీపు చూపించింది. ముళ్లన్నీ నిక్కబొడిచి, వెయ్యి గజ్జెలు కట్టినట్టు మోగించింది.

"అయ్యో తమ్ముడూ, వద్దురా!" గంగసాని గుండె బాదుకుంది. "ఏదును నోట కరిచిన పులి బతకదే మరదలా! ముల్లు దవడలో దిగిందంటే తినలేక, తాగలేక చస్తుంది! పేరు పలకవే, పలుకు!"

పులి ముందుకాళ్ల మీద వంగింది. వెనుక కాళ్లు బిగిశాయి. దూకితే పిల్ల పోతుంది, ముల్లు దిగితే కొమ్మన పోతాడు.

పాలవెల్లి రెండింటి మధ్యకు వెళ్లింది. ఏం చేయాలో ఆలోచించలేదు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి అలాగే చేసింది. పులికి వీపు తిప్పి నిలబడింది. చేతులు రెండూ ఎత్తి గాజులు మోగించింది. గలగల. కాలు నేలకు తట్టింది. మళ్లీ గలగల. అలా మోగిస్తూ, వెనక్కి చూడకుండా, పులి వైపు వెనక్కే నడిచింది. ఒక అడుగు. ఇంకొకటి. వేడి ఊపిరి మెడ మీద పడింది. జడలోని పూలు కదిలాయి.

"వస్తున్నానండీ," అంది. గాజులు మోగిస్తూనే ఉంది. "ముందే చెప్పి వస్తున్నాను. నన్ను నిన్న అడిగారు, ఎవరింటికి వచ్చావని. ఏదులవారి ఇంటికి వచ్చాను. ఏదుల కొమ్మన చెయ్యి పట్టుకుని వచ్చాను. నేను ఏదుల పాలవెల్లిని."

పేరు నాలుక మీద నుంచి నీటిలో దిగిన బాతులా హాయిగా జారింది. పలికినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంకోసారి పలకాలనిపించింది. పలికింది కూడా.

వెనక చప్పుడు లేదు. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. తన భుజం పక్కనున్న రాతి మీద ఎవరో వేలితో రెండుసార్లు మెల్లగా తట్టారు.

"ఉలిక్కిపడకు," అంది కొమ్మన గొంతు. "నేనే."

పాలవెల్లి ఉలిక్కిపడింది. పడి, తిరిగి, అతని చెంప, ముక్కు, మీసం అన్నీ ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసింది. మీసాలు మాత్రం మునుపటి కంటే రెండు వెంట్రుకలు పొడుగ్గా, పులిమీసాల్లా బిరుసుగా ఉన్నాయి. ఆమె వాటిని లాగి చూసి పకపకా నవ్వింది.

"నొప్పి," అన్నాడు కొమ్మన, తానూ నవ్వుతూ.

"ఒరేయ్, అక్క ఒకతి ఇక్కడ ఉంది," అంది గంగసాని ముక్కు చీదుతూ. "మీ ఆవిడ కోసం నేను పక్షితో అబద్ధాలాడాను. అదీ రెండు తలల పక్షితో!"

పైన ఈల ఆగిపోయింది. దాని చోట చక్రాల మోత మొదలైంది. గుహ కప్పు నుంచి మట్టి రాలింది.

"కంకాళజటుడు," అన్నాడు కొమ్మన, నవ్వు మాని. "పులి రాకపోయేసరికి వాడే దిగుతున్నాడు. బయటికి పోయే వీల్లేదు."

ఏదులు ఇవేమీ పట్టించుకోలేదు. ఆడది పిల్లను ముక్కుతో నెట్టుకుంటూ గుహ లోపలి మూలకు నడిచింది. మగది వెనక నడిచింది. మూడూ ఒక పగులులో దూరి మాయమయ్యాయి. పగులులోంచి చల్లని గాలి వస్తోంది. ఎన్నడూ ఒకే వాకిలి ఉన్న ఇల్లు కట్టుకోదు ఏదు. వాళ్లు ముగ్గురూ మోకాళ్ల మీద పాకుతూ వాటి వెంట పోయారు. ముందు వదిన, వెనక కొమ్మన, మధ్యలో అతని ఉత్తరీయం అంచు పట్టుకుని పాలవెల్లి.

దారి ఎక్కింది, దిగింది, మెలికలు తిరిగింది. చివరికి గంగసాని తల బయటపెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. "మరదలా, నువ్వే చూడు. నాకు నోట మాట రావడం లేదు." ఆమెకు నోట మాట రాకపోవడం కొమ్మన పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

అది నల్లగుట్ట కడుపు. కొండంత విశాలమైన మండపం. స్తంభాలకు పొగ గొలుసులు. గొలుసు గొలుసుకూ ఒక మృగం. సింహాలు, శరభాలు, మదపుటేనుగులు, గరుడపక్షులు. ఎటు చూసినా గంభీరమైన మృగాలే. ఒక కుందేలు లేదు, ఒక ఉడుత లేదు, ఒక పావురం లేదు. ఒక సింహం జూలులో ఎండిపోయిన తలంబ్రాలు. ఒక గరుడపక్షి కాలికి పూర్తిగా తెల్లబడిన దారం.

చప్పుడు విని అన్నీ తలలు తిప్పాయి. వందల కళ్లు పాలవెల్లి మీద నిలిచాయి. ఆ కళ్లలో పొగరు లేదు. దారి తప్పిన వాళ్లు కొత్తగా వచ్చిన వాళ్లను చూసే చూపు.

"గడపల దగ్గర సిగ్గుపడింది నేనొక్కదాన్నే కాదు," అంది పాలవెల్లి.

"వీళ్ల కంకణాలు ఎప్పుడో వెలిసిపోయాయి. వీళ్ల పేర్లు వీళ్లకే గుర్తుండవు. ఇంటిపేరు తెలిస్తే ఆ ఇంటి కోడలిని వెతికి పలికించవచ్చు. కానీ మనకెలా తెలుస్తాయి?" అన్నాడు కొమ్మన.

చక్రాల మోత దగ్గరవుతోంది. మండపం అవతలి ద్వారం మీద నిప్పురవ్వలు రాలుతున్నాయి. గంగసాని కొంగు బిగించి, పడి ఉన్న గొలుసు ముక్క ఒకటి చేతికి తీసుకుని, "మీరు ఆ పేర్ల సంగతి చూడండి, వాడి సంగతి నేను చూస్తాను. గాజులు బేరం చేయకుండా ఎవడినీ గడప దాటనివ్వను," అంటూ ద్వారం వైపు నడిచింది.

పాలవెల్లి అన్నిటికంటే పెద్ద ఏనుగు ముందుకు వెళ్లింది. దాని దంతాలు ఆమె కంటే పొడుగు. ఆమె దాని ఎదుట నేల మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తొందర లేనట్టు చూసింది. ద్వారం దగ్గర ఢామ్మని మోత. ఆ మోతకు అంత ఏనుగూ చెవులు రెండూ వెనక్కి ఒత్తేసుకుని, నాలుగు కాళ్లూ దగ్గరకు ముడుచుకుంది. ముక్కు చివర చకచకా వణికింది.

"ఏమండీ, ఇటు రండి!" పాలవెల్లి కళ్లు మెరిశాయి. "ఈయన్ని చూశారా?" ఆమె ఏనుగు తొండం మీద చెయ్యి వేసి, దాని చెవి వైపు వంగింది.

"అయ్యా, తమరు కుందేళ్లవారా?"

ఏనుగు కదలలేదు. దాని చిన్న కంటిలో నీరు నిండింది. తరువాత, నిజమేనా అని తనను తానే అడుగుతున్నట్టు, అంత పెద్ద వెనుకకాలితో నేల మీద మెల్లగా, చాలా మెల్లగా, కుందేలు తట్టినట్టు టపటపమని తట్టింది.